పదకొండు సెకన్ల పద్దు

డులూత్ నగర సభలో నా ఉద్యోగం
వినడం, టైపు కొట్టడం,
ఇంకా ఈ మూడు రంగుల దీపం.
మనిషికి మూడు నిమిషాలు.
పచ్చ వెలిగితే మాట్లాడొచ్చు,
పసుపు వస్తే ముగించుకోవాలి,
ఎరుపు నా చూపుడువేలి కింద ఉంటుంది.

డిసెంబరు, సోమవారం, పద్నాలుగో అంశం.
మిగిలిన సొమ్ము నలభై ఒక్క వేల డాలర్లు.
అడిగేవి రెండు:
ఇరవై నాలుగో అవెన్యూ కొండమెట్లు,
పాత ఫైర్‌స్టేషన్‌లో నడిచే బొమ్మలాట శాల, దాని కారే కప్పు.
అధ్యక్షుడు హాల్వర్సన్ కళ్ళజోడు తుడుచుకుని
"ఉన్నంతలోనే సర్దుకోవాలి" అన్నాడు.
పిండి కొద్దీ రొట్టె, అనుకున్నాను నాలో నేను.
పిండి ఎవరు కొలిచారని ఎవరూ అడగలేదు.
కిటికీ అవతల ఇనుపరాయి మోసే ఓడ ఒకటి
వంతెన ఎత్తమని కూసింది.
దానికి మాత్రం వెంటనే ఎత్తారు.

డెలోరిస్ ట్వైట్ మైకు దగ్గరికొచ్చింది,
ఎడమ చేతికి కట్టు.
ముప్పై ఏడో మెట్టు లేదంది.
"విరిగింది కాదు, లేదు.
ఉందనుకుని అడుగేశాను."
ఆసుపత్రి బిల్లు కోసం ఒంటిచేత్తో సంచి వెతుకుతూ
మందుల చీటీ, బస్సు పాసు, దగ్గుబిళ్ళలు
ఒక్కొక్కటే బల్ల మీద పెడుతోంది.
పసుపు వెలిగింది.
బిల్లు దొరకలేదు.
ఎరుపు నొక్కాల్సిన వేలు
గాల్లోనే ఉండిపోయింది.
పదకొండు సెకన్లు.
దొరికింది.
"ఇదిగో" అంది. అంతే, వెళ్ళి కూర్చుంది.

తర్వాత రూబెన్ టోర్వినెన్.
కుడిచేతికి నక్క బొమ్మ.
పేరూ చిరునామా చెప్పమంటే
నక్క చెప్పింది:
"ఫైర్‌స్టేషన్, రెండో బకెట్ పక్కన,
చుక్క పడే చోటు."
ఇద్దరు సభ్యులు నవ్వారు.
ఆ నవ్వు కూడా అతని మూడు నిమిషాల్లోంచే పోయింది.
నత్తి ఉన్న ఒక పిల్లాడి గురించి మొదలుపెట్టాడు,
ఆ పిల్లాడు మొదటిసారి ఈ నక్క వెనక దాక్కుని...
నొక్కేశాను.
సరిగ్గా మూడు నిమిషాలకి.
నక్క నోరు తెరుచుకునే ఉండిపోయింది.

ఐదుకి నాలుగు ఓట్లు.
సగం మెట్లకి, సగం కప్పుకి.
మెట్లకి ఒకవైపు రెయిలింగు;
ముప్పై ఏడోది వచ్చే ఏడాది.
బొమ్మలాటకి వాన కొట్టే వైపు కప్పు.
గాలి ఎటు తిరిగితే వాన అటే కదా అని
ఎవరో గొణిగారు, నేను టైపు చెయ్యలేదు.
ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అంటారే,
ఈసారి పక్షపాతం లేదు:
రెండు కళ్ళకీ సున్నమే, సమానంగా.

మినిట్స్‌లో రాశాను:
"ఇద్దరు పౌరులు మాట్లాడారు. చర్చ జరిగింది. ఆమోదించడమైనది."
ఆ పదకొండు సెకన్లు ఏ పద్దు కింద రాయను?
తొమ్మిదిమందినీ మనసులో తిట్టుకుంటూ
నేనూ ఒక చిన్న బడ్జెట్ వేశాను ఆ రాత్రి.
కట్టు కట్టిన చెయ్యి కనిపించింది నాకు.
బొమ్మ తొడిగిన చెయ్యి
చెయ్యిలా కనిపించలేదు.

మార్చిలో ఆ మెట్లు దిగాను.
రెయిలింగు కొత్తది, కుడివైపు మాత్రమే,
ఎక్కేవాళ్ళకో దిగేవాళ్ళకో తేల్చుకోలేనట్టు.
ముప్పై ఏడు దగ్గర ఎవరో ప్లైవుడ్ ముక్క వేశారు.
కమ్మీ కొసకి పిల్లల ఊలు చేతితొడుగు ఒకటి,
మంచులో దొరికితే ఎవరో తగిలించి పోయినది,
ఎర్రది.
తీసి తొడుక్కున్నాను, సగమే పట్టింది.
బొటనవేలు ఆడిస్తే నోరు తెరిచింది, మూసింది.
ఏం మాట్లాడించాలో తెలియలేదు.
పేరడిగాను. చిరునామా అడిగాను.
కింద సరస్సు మీద మంచు పగులుతున్న చప్పుడు.
వాచీ చూడకుండా లెక్కపెట్టాను
పదకొండు దాకా.
మళ్ళీ కమ్మీకే తొడిగి,
చల్లబడ్డ చెయ్యి జేబులో పెట్టుకుని
మిగిలిన మెట్లు దిగాను.